పాకకు పంపని పిల్ల

మూడు రోజులుగా ఒకటే ముసురు. పాలప్యాకెట్లు వేసే అబ్బాయి రాలేదు. టీ లేకపోతే పొద్దు గడవదు కనుక మా మనవరాలు అలమరలో ఎక్కడో మూలనున్న పాలపొడి డబ్బా బయటికి తీసి, కుతకుతా కాగుతున్న నీళ్ళలో నాలుగు చెంచాలు గుమ్మరించింది. ఇంకేముంది, ఉండలు! గరిటెతో వాటిని నొక్కుతూ, గిన్నెను తిట్టిపోస్తూ నిలబడింది.

"అవతలికి జరుగు," అన్నాను. "పొడిలో ముందు చన్నీళ్ళు చిలకరించి వేళ్ళతో మెత్తగా మెదపాలి. జారుగా అయ్యాక అప్పుడు వేడినీళ్ళు, అదీ కొంచెం కొంచెంగా."

"ఇవన్నీ ఎక్కడ నేర్చుకున్నావు అమ్మమ్మా?"

"బళ్ళో," అన్నాను. అది నవ్వింది. బళ్ళో నేర్చుకున్న మాట నిజమే. అయితే నేర్పింది మా అయ్యవారు కాదు. ఆ సంగతి దానికి చెప్పబోయి, టీ చల్లారిపోతుందని ఊరుకున్నాను. ఇప్పుడు రాస్తున్నాను.

మా ఊరు చిట్టమూరుకు తూర్పున ఉండేది. ఊరు దాటితే వరిచేలు, అవి దాటితే ఇసుక దిబ్బలు, ఈతచెట్లు, ఆ వెనక కుప్పం. కుప్పమంటే చేపలు పట్టేవాళ్ళ పల్లె. దాని వెనక ఇక ఉప్పునీళ్ళే. మా ఇంట్లో అన్నం ముందు కూర్చుంటే గాలి ఇటు మళ్ళినప్పుడు ఎండుచేపల వాసన వచ్చేది. మా అవ్వ, అంటే మా నాయన వాళ్ళమ్మ, ముక్కు మూసుకుంటున్నట్టు నటిస్తూనే "ఈ రోజు నెత్తళ్ళు ఎండేసినారే" అని చేప పేరుతో సహా చెప్పేది. నటన ఎందుకవ్వా అంటే నెత్తిన ఒకటి మొట్టేది.

ఊరికీ కుప్పానికీ మధ్యలో బడి. చుట్టుపక్కల అంతటికీ అదొక్కటే మిద్దె. బడి వెనక ఒక తాటాకు పాక. అందులో మధ్యాహ్నం పూట పిల్లలకు ఉప్మా వండేవాళ్ళు. పసుపుపచ్చటి మొక్కజొన్నరవ్వ, డబ్బాల్లో వచ్చిన నూనె, సంచుల్లో వచ్చిన పాలపొడి అన్నీ అమెరికా నుంచి వచ్చాయనేవాళ్ళు. ఆ నూనె కాగితే ఒక వింత వాసన వేసేది. మా ఇళ్ళలో ఏ పోపుకూ రాని వాసన. పదకొండు గంటలకల్లా అది కిటికీలోంచి లోపలికి వచ్చేది. ఇక చరిత్ర లేదు, భూగోళం లేదు. అందరి కడుపులూ ఒకేసారి అరిచేవి.

మా అయ్యవారు మంచివాడు. పొడుం వాసన, గంజిపెట్టిన పంచె, చేతిలో బెత్తం. ఆయన పద్ధతి ఆయనకుండేది. పాఠం అప్పజెప్పినవాళ్ళు కూర్చోవాలి. చెప్పలేనివాళ్ళను "పాకకు పో!" అనేవాడు. పాకకు పోయినవాళ్ళు బడి ఆవరణలోని చిన్న బావిలో నీళ్ళు తోడాలి, పుల్లలు ఏరాలి, పెద్ద పెద్ద వంట అండాలు తోమాలి, ఉప్మా కలియబెట్టాలి. వంటమనిషని ఒకామె ఉండేది గానీ నెలలో సగం రోజులు రాదు. చదువు అబ్బనివాడికి చేతిపనైనా అబ్బాలి గదా అని అయ్యవారి ఉద్దేశం. ఆయనకు అది శిక్ష. మాకూ అది శిక్షే. పాకకు పోయి వచ్చిన పిల్ల జుట్టుకు పొగ వాసన వేస్తే పక్కవాళ్ళు ముక్కులు పట్టుకుని వెక్కిరించేవాళ్ళు.

నన్ను ఒక్కసారి కూడా పాకకు పంపలేదు. ఫస్టుర్యాంకు పిల్లను కదా! మొదటి బల్ల మీద, అయ్యవారి కుర్చీకి ఎదురుగా నా చోటు. లెమ్మంటే లేచేదాన్ని, కూర్చోమంటే కూర్చునేదాన్ని. గొంతు ఆరిపోతున్నా "మంచినీళ్ళకు పోవచ్చునా అయ్యవారూ?" అని అడిగి, ఆయన తల ఊపిందాకా కదిలేదాన్ని కాదు. ఇన్‌స్పెక్టరు వచ్చినప్పుడు అయ్యవారు నన్ను చూపించి "ఈ పిల్ల చెప్పందే కన్నెత్తదు సార్" అన్నాడు. నేను రెండు రోజులు నేల మీద నడవలేదు.

కానీ ఆ వాసన! ఒకరోజు ఇక ఆగలేక పదమూడో ఎక్కం కావాలనే తప్పు చెప్పాను. పదమూడు ఏడులు వంద అన్నాను. 'పాకకు పో' అంటాడని నా ఒళ్ళు ఉప్పొంగిపోతోంది. అయ్యవారు బెత్తం కింద పెట్టి, నా నుదురు మీద చెయ్యి వేసి, "ఒంట్లో బాగలేదా అమ్మా?" అన్నాడు. పుస్తకాల సంచి ఇంకో పిల్లవాడి చేత మోయించి మరీ ఇంటికి పంపేశాడు. మా అవ్వ కంగారుపడిపోయి శొంఠి కషాయం కాచి, ముక్కు పట్టుకుని గొంతులో పోసింది. ఆ రోజు ఉప్మాకు బదులు నాకు దక్కింది అదీ.

పాకకు ఎప్పుడూ పోయే పిల్ల ఒకతె ఉండేది. కుప్పం పిల్ల. నాకంటే రెండేళ్ళు పెద్దది, అదే తరగతిలో రెండేళ్ళుగా ఉండిపోయింది. అందరూ పాకపిల్ల అనేవాళ్ళు. అలా పిలిస్తే పలికేది కూడా. నల్లగా, పొడుగ్గా, చేతులు మగపిల్లల చేతుల్లా ఉండేవి. బళ్ళో నన్ను చనువుగా "మే" అని పిలిచేది. అదే మా ఇంటి ముందు నించి వాళ్ళమ్మ చేపలగంప వెనక పోతూ కనిపిస్తే మర్యాదగా "పాపా" అనేది. ఆ తేడా దానికి ఎవరూ నేర్పలేదు. నాకూ వింతగా తోచలేదు.

నా మీద దానికి ఎందుకో జాలి. పాపం, ఎప్పుడూ కూర్చునే ఉంటుందే అనుకునేదేమో. ఒకనాడు కిటికీ చువ్వల్లోంచి బాదం ఆకులో పాలపొడి పొట్లం కట్టి అందించింది. గుప్పెడు ఒకేసారి నోట్లో వేసుకున్నాను. అది కాస్తా అంగిట్లో బంకలా అతుక్కుపోయింది. అప్పుడే అయ్యవారు నా వైపు తిరిగి తుంగభద్ర ఎక్కడ పుట్టింది అన్నాడు. లేచాను. నోరు తెరిస్తే పొడి, మూస్తే ఉక్కిరిబిక్కిరి. "ఉంఉం" అన్నాను. కిటికీ అవతల పాకపిల్ల పొట్ట పట్టుకుని నవ్వింది. దానికి బెత్తం దెబ్బలు రెండు పడ్డాయి. నాకు పడలేదు. నేనే తిన్నానని తెలిసినా నాకు పడలేదు.

ఇక మా దొరువు సంగతి చెప్పాలి. మా వైపు ఇసుక నేలల్లో లోతుగా బావి తవ్వితే ఉప్పునీళ్ళు పడతాయి. అందుకని నిలువులోతు మించకుండా గుంట తవ్వుతారు. వాన నీళ్ళు ఇసుకలోంచి ఊరి అందులో నిలుస్తాయి. అదే దొరువు. నీళ్ళు కొబ్బరినీళ్ళలా ఉంటాయి. కానీ పైపైన ముంచుకోవాలి. కడవ అడుగుకు తగిలితే ఉప్పు కదులుతుంది, రోజంతా పాడు. కొన్ని కడవలు ముంచి, మళ్ళీ ఊరిందాకా ఆగాలి. మా దొరువు దిబ్బ మీద ఉండేది. మా అవ్వ దానికి కాపలా. చేతిలో సరుగుడు బరికె పట్టుకుని గట్టు మీద కూర్చునేది. నేను సరదాకు ఒక రాయి వేస్తే దిబ్బ చుట్టూ మూడుసార్లు తరిమింది. ఊళ్ళో పిల్లలందరికీ ఆమె అంటే హడల్.

కుప్పం వాళ్ళకు వాళ్ళ దొరువులు ఉండేవి. మా దొరువు దగ్గరికి వాళ్ళు వచ్చేవాళ్ళు కాదు. రావద్దని ఎవరూ అనలేదు. రారు, అంతే.

ఆ ఏడు కార్తీకంలో గాలివాన వచ్చింది. ముందురోజు మధ్యాహ్నమే కుప్పం వాళ్ళకు తెలిసిపోయింది. ఈశాన్యం మూల చూసి, గాలి వాసన చూసి, పిల్లాజెల్లా, కోళ్ళూ మేకలతో సహా వచ్చి బళ్ళో చేరారు. అయ్యవారు తాళాలు తీసి ఇచ్చేశాడు. ఆ రాత్రి గురించి నేను చెప్పేదేమీ లేదు. మా ఇంట్లో తలుపుకు రోలు అడ్డంపెట్టి కూర్చున్నాం.

తెల్లవారి చూస్తే తాటిచెట్లకు తలలు లేవు. వరిచేలలో చేపలు కొట్టుకుంటున్నాయి. బడి వెనక పాక ఉన్న చోట నాలుగు గుంజలు మిగిలాయి. కుప్పం ఇసుకలో కలిసిపోయింది. దేవుడి దయవల్ల మనుషులు దక్కారు. పడవలు, వలలు, ఇళ్ళు దక్కలేదు. చెరువు కట్టకు గండి పడిందని మా నాయన, ఊళ్ళో మగవాళ్ళందరూ పలుగులూ పారలూ తీసుకుని పరుగెత్తారు. అయ్యవారు కూడా పంచె ఎగగట్టి వాళ్ళతో బయల్దేరాడు.

పోయేముందు నన్ను పిలిపించి, చేతిలో గీతల నోటుపుస్తకం పెట్టాడు.

"ఇంటిపేరు, మనిషి పేరు, వయసు, ఏమేం పోయినాయి, అన్నీ రాయాల. పైనించి ఆఫీసర్లొచ్చినప్పుడు జాబితా లేకపోతే ఒక్క గింజ రాలదు. నీ దస్తూరీ అయితేనే వాళ్ళకు అర్థమవుతాది. నేనొచ్చిందాకా ఇక్కణ్ణించి కదలొద్దు."

"అట్టాగే అయ్యవారూ," అన్నాను. వసారాలో స్టూలు వేసుకుని కూర్చున్నాను. ఒక్కో కుటుంబమే వచ్చి నా ముందు నిలబడుతోంది. గుడ్డలు తడిసి ఒంటికి అంటుకుపోయి ఉన్నాయి. నేను మార్జిన్ గీసి, వరుస నెంబర్లు వేసి, గుండ్రంగా రాస్తున్నాను. నిజం చెబుతున్నాను, నాకు గర్వంగా ఉంది.

అప్పటికే పాకకు పోయే పిల్లలు ఏడెనిమిదిమంది ఎక్కడెక్కణ్ణించో వచ్చి చేరారు. వాళ్ళను ఎవరూ పిలవలేదు. కంచెలోకి దొర్లిపోయిన అండాను మోసుకొచ్చి వసారా చివర రాళ్ళ మీద పెట్టారు. పుల్లలన్నీ తడిసిపోతే, కూలిన పాక వాసాలు విరిచి, లోపలి పొడి చెక్క చీల్చి పొయ్యి రాజేశారు. ఊళ్ళోకి పోయి ఇంటింటా బియ్యం అడుక్కొచ్చారు. రెండొందలమందికి జావ ఎన్ని తవ్వల బియ్యంతో కాయాలో వాళ్ళకు తెలుసు. నాకు తెలియదు. నాకు పదమూడో ఎక్కం వచ్చు.

పాకపిల్ల నా దగ్గరికి వచ్చింది. చంకలో ఆరునెలల తమ్ముడు. వాళ్ళమ్మ చలిజ్వరంతో మూలన పడి ఉంది, పాలు లేవు. అలాంటి పసివాళ్ళు బళ్ళో పదకొండుమంది. నేనే లెక్క రాశాను.

"మే, ఆ రాసేది కాసేపు ఆపి ఒక మాట ఇను," అంది. "బడి బాయిలో ఉప్పునీళ్ళు కలిసినాయి. అయ్యవారి గదిలో పాలపొడి సంచి తడవకుండా ఉండాది. మీ దొరువు దిబ్బ మీద గదా, ఉప్పు ఎక్కుండదు. నాలుగు కడవలు ఇప్పిస్తావా? బిడ్డలకు పాలు కలపాల."

బరికె పట్టుకున్న మా అవ్వ కళ్ళ ముందు కనిపించింది. కదలొద్దన్న అయ్యవారు కనిపించాడు.

"అడిగి చెప్తా," అన్నాను.

"ఎవుర్ని?"

"అయ్యవారిని."

"ఆయన కట్టకాడ ఉండాడు గదా. ఎప్పుడొస్తాడో ఏమో."

"వచ్చినాక అడుగుతా."

కోపం లేదు దాని మొహంలో. నన్ను ఎరిగినదే కదా. "సరేలే," అని తమ్ముణ్ణి ఇంకో పిల్ల చేతికిచ్చి, రెండు కడవలు తీసుకుని పడమటికి బయల్దేరింది. అటు రెండు మైళ్ళు పోతే పక్క ఊళ్ళో మెట్ట మీది మంచినీళ్ళ బావి. దారంతా మొలలోతు నీళ్ళు, కొట్టుకొచ్చిన ముళ్ళకంప. మా దొరువేమో పిలిస్తే పలికేంత దూరం.

నేను ఇంకో పేజీకి మార్జిన్ గీశాను.

మధ్యాహ్నానికి గూడూరు వైపునుంచి ముగ్గురు కాలేజీ కుర్రవాళ్ళు వచ్చారు. ప్యాంట్లు మోకాళ్ళదాకా మడిచి, బురదలో నడిచి వచ్చారు. రేడియోలో విని ఎవరికీ చెప్పకుండా వచ్చేశారట. మంచిపిల్లలు, వాళ్ళను ఒక్క మాట అనడానికి నాకు నోరు రాదు. అందులో కళ్ళద్దాల అబ్బాయి పసిపిల్లల ఏడుపు విని తట్టుకోలేకపోయాడు. పాలపొడి సంచి బయటికి తెప్పించి, బడి బావి నీళ్ళు అండాలో తెర్లబెట్టించి, సంచి ఎత్తి పట్టుకున్నాడు.

"అన్నా, అన్నా! అవి ఉప్పునీళ్ళన్నా," అన్నాడు ఒక పాకపిల్లవాడు.

"ఉడుకునీళ్ళలో పోస్తే ఉండ కడతాదన్నా," అంది ఇంకో పిల్ల.

"మీకు తెలీదు. చేతులు కాలతాయి, పక్కకు జరగండి," అన్నాడు అతను ప్రేమగానే. వాళ్ళు జరిగారు. మళ్ళీ మాట్లాడలేదు. మీకు తెలీదు అంటే నోరు మూసుకోవాలని వాళ్ళకు ఏళ్ళ తరబడి బళ్ళో అలవాటయింది కదా.

నేను చెబితే అతను వినేవాడు. శుభ్రమైన పరికిణీ, చేతిలో పుస్తకం, మోతుబరి ఇంటి పిల్లనని చూస్తేనే తెలుస్తుంది. బావి నీళ్ళు ఉప్పని నాకూ తెలుసు. కానీ నన్నెవరూ అడగలేదు. అడగనిదే జవాబు చెప్పడం నాకు రాదు. సగం సంచి అండాలో పడింది. నిమ్మకాయలంత ఉండలు తేలాయి. మిగిలిన నీళ్ళను గుడ్డలో వడగట్టి పట్టబోతే బిడ్డలు నాలుక మీద పడగానే ఉమ్మేసి, ముందుకంటే గట్టిగా ఏడ్చారు. ఆ అబ్బాయి కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ ఒక మూల కూర్చుండిపోయాడు.

పొద్దు వాలుతుండగా పాకపిల్ల వచ్చింది. ఒక్క కడవే ఉంది. ఇంకోటి కాలుజారి పగిలిపోయిందట. పాదం కోసుకుపోయి, నడిచినచోటల్లా రక్తం మరక. అండాలోకి తొంగిచూసింది. సంచి ఎత్తి బరువు చూసింది. గోడకు ఆనుకుని కూలబడి, "ఒక్క కడవ ఎంతమందికని పొయ్యను?" అని ఏడ్చింది. అన్నేళ్ళలో అయ్యవారు కొట్టినప్పుడు కూడా అది ఏడవగా నేను చూడలేదు. దాని తమ్ముడు మాత్రం ఏడవడం లేదు. నోరు తెరిచి మూస్తున్నాడు, గొంతు రావడం లేదు. పొద్దున్నుంచి రాస్తున్న నాకు అప్పటిదాకా వాడు పదకొండో నెంబరు.

లేచాను. నోటుపుస్తకం స్టూలు మీద పడేసి పరుగెత్తాను. ఎలా పరుగెత్తానో తెలియదు. అవ్వ కొడితే కొట్టనీ, కాళ్ళు పట్టుకుందాం అనుకున్నాను.

మా అవ్వ దొరువు గట్టు మీదే ఉంది. బరికె పక్కన పడి ఉంది. దొరువులో రాలిన ఆకులన్నీ ఏరి ఒక కుప్ప పోసింది. గట్టు మీద ఆరు కడవలు, ఆరూ నిండుగా, పైన గుడ్డలు కప్పి.

"అవ్వా," అన్నాను రొప్పుతూ, "బళ్ళో పసిబిడ్డలకు నీళ్ళు కావాల. కుప్పమోళ్ళ బిడ్డలకు. ఇయ్యవా అవ్వా?"

"ఇయ్యకేం?" అంది అవ్వ. "పొద్దన్నించి ముంచిపెట్టి కూసోనుండా. ఒక్కరన్నా వచ్చి అడుగుతారేమోనని దోవ వైపే చూస్తాండా. ఎవురూ రాలా. బళ్ళో బాయి నీళ్ళు బాగుండాయిగాబోలు అనుకున్నా. నేనుగా పోయి పిలిస్తే, పెద్దింటిది పెత్తనానికొచ్చిందనుకుంటారేమోనని ఊరుకున్నా." ఆగి, నా మొహంలోకి చూసింది. "నువ్వు ఆడనే ఉండావు గదా మే? నువ్వన్నా వచ్చి చెప్పలేదే?"

నాకు తల తీసేసినట్టయింది. వాళ్ళు అడగరు, ఈమె పిలవదు. అటూ ఇటూ పోగలిగిన మనిషిని ఆ రోజు నేనొక్కదాన్నే. నేను పొద్దంతా కూర్చుని మార్జిన్లు గీశాను.

"ఏడుస్తా నిలబడతావేంది? ఎత్తుకో," అని అవ్వ నా చంకన ఒక కడవ పెట్టింది. తాను ఒకటి ఎత్తుకుంది. డెబ్బై ఏళ్ళ మనిషి. కుప్పం వాళ్ళు ఉన్న చోటికి జన్మలో ఎన్నడూ పోని మనిషి. బళ్ళోకి పోతూనే "కడవలున్న ఆడోళ్ళు నా ఎంట రాండి. పైపైన ముంచాల, అడుగు కదిలిస్తే ఊరుకోను," అని అందరి మీదా కేకలు వేసింది. ఎప్పటి గొంతే. కానీ వాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకుని, లేచి, ఆమె వెనక బారుగా నడిచారు.

పాకపిల్ల కళ్ళు తుడుచుకుని నా ముందు పళ్ళెం పెట్టింది. "చేతులు కడుక్కో. చన్నీళ్ళు ముందు. అట్టా గాదు మే, ఏళ్ళతో మెదపాల, పిండి పిసికినట్టు పిసక్కూడదు." దాని పక్కన కూర్చుని మెదిపాను. కాలేజీ అబ్బాయి కూడా వచ్చి "నాకూ చూపించమ్మా" అని చేతులు కడుక్కున్నాడు. దాని తమ్ముడికి ఉగ్గుగిన్నెతో నేనే పట్టాను. మొదటి గుటక పడిందాకా నా ప్రాణం నాలో లేదు. మూడో గుటకకు వాడు ఉగ్గుగిన్నె పట్టుకుని లాగాడు. పాకపిల్ల నవ్వింది. కిటికీ అవతల పొట్ట పట్టుకుని నవ్విన నవ్వే.

దీపాలవేళకు అయ్యవారు బురద కొట్టుకుని వచ్చాడు. పాలు అంటిన నా చేతులు చూశాడు, స్టూలు చూశాడు. "జాబితా పూర్తయిందా?" అన్నాడు. అయిందన్నాను. దీపం దగ్గర పుస్తకం పట్టుకుని చదివి, "భేష్," అన్నాడు.

నెల తిరిగాక తాసీల్దారు గారు వచ్చారు. బడి ముందు పందిరి వేశారు. బియ్యం, దుప్పట్లు పంచారు. నేను రాసిన జాబితా ప్రకారమే, నేను వేసిన నెంబర్ల వరుసలోనే పేర్లు పిలిచారు. పాకపిల్ల వాళ్ళమ్మ తరఫున వచ్చి దుప్పటి తీసుకుంది. పాదం ఇంకా మానలేదు, కుంటుతోంది. తాసీల్దారు గారు దాని తల నిమిరి "బాగా చదువుకోవాలమ్మా" అన్నారు.

తర్వాత నా పేరు పిలిచారు. పిలిచారు కనుక లేచాను. ఇంత చక్కటి జాబితా జిల్లాలో ఇంకెక్కడా రాలేదని పొగిడి, అచ్చు వేసిన యోగ్యతాపత్రం చేతిలో పెట్టారు. పందిరంతా చప్పట్లు. సార్, నాకు కాదండీ, ఆ పిల్లకు ఇవ్వండి అని చెప్పాలని నోటిదాకా వచ్చింది. అయ్యవారి వైపు చూశాను. ఆయన కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, ఆనందంతో. నమస్కారం చేసి దిగి వచ్చాను.

జనం పలచబడ్డాక పాకపిల్ల దుప్పటి చంకన పెట్టుకుని నా దగ్గరికి వచ్చింది. చెయ్యి పరికిణీకి తుడుచుకుని, వేలి కొనతో ఆ కాగితం అంచు తాకింది.

"బాగుండాది మే. ఏం రాసినారు?"

చదివాను. "తుఫాను సహాయ కార్యక్రమములలో స్వచ్ఛందముగా సేవ చేసినందులకు."

"స్వచ్ఛందమంటే?"

అర్థాలు నాకు కంఠతా కదా, టక్కున చెప్పాను. "ఒకరు అడక్కుండా, ఒకరు చెప్పకుండా, తనంతట తాను చెయ్యడం."

దాని మొహంలో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే అర్థం కాక అడిగింది.

"మరి ఆ రోజు నేను పొద్దన్నే నీళ్ళడిగినా గదా మే?"

ఏ ప్రశ్నకైనా ముందు చెయ్యెత్తే పిల్లను నేను. కాగితాన్ని చుట్టచుట్టి వెనక దాచుకున్నాను. అది వాళ్ళవాళ్ళు పిలుస్తుంటే కుంటుకుంటూ వెళ్ళిపోయింది. ఆ సంక్రాంతి లోపలే కుప్పం వాళ్ళు మాకు దక్షిణాన ఉన్న ఉప్పునీళ్ళ సరస్సు అవతలి ఒడ్డుకు మారిపోయారు. అది మళ్ళీ బడికి రాలేదు. ఇప్పుడు ఉందో లేదో, ఉంటే ఎంతమంది మనవలో, నాకేమీ తెలియదు. క్షమించమని అడగాలని చాలాసార్లు అనుకున్నాను. ఎక్కడికి పోయి అడగను?

పెద్దయ్యాక నేనూ పంతులమ్మనే అయ్యాను. పనిచేసినవన్నీ ఈ సముద్రం పక్క బళ్ళే. వంటపాక పని అందరికీ వంతులు వేశాను, ముందు ఫస్టుర్యాంకు వాళ్ళకు. మా పిల్లను చదువుకు పంపామా, అంట్లు తోమడానికా అని తల్లిదండ్రులు దెబ్బలాటకు వచ్చేవాళ్ళు. రానీలే అనుకున్నాను. గాలివాన వచ్చిన ప్రతిసారీ మాత్రం మొదటి బల్ల పిల్లలు పుస్తకాలు సర్దుకుని, నా కుర్చీ ముందుకు వచ్చి, "టీచర్, మేము కూడా సాయానికి పోవచ్చునా?" అని చేతులు కట్టుకుని అడిగేవాళ్ళు. "నన్నెందుకు అడుగుతారు, పోండి!" అని కసిరేదాన్ని. ఎందుకు కసిరానో తెలియక బిక్కమొహాలు వేసేవాళ్ళు, పాపం. తల ఎత్తి చూస్తే, వెనక బల్లలు అప్పటికే ఖాళీగా ఉండేవి.